దాఖలా వెతికి ఇచ్చిన మావ్‌శీకి

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం ఇంజినీరింగ్ ప్రవేశాల ఎప్‌సెట్ సహాయ కేంద్రంలో మా చెల్లెలి ధ్రువపత్రాల పరిశీలన పూర్తయింది, ఆమె పేరు స్థానిక అభ్యర్థిగానే నమోదైంది. నాలుగు రాత్రులుగా సరిగా నిద్ర లేదు, కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. అందుకు కావాల్సిన కాగితం వెతికి ఇచ్చిన ముంబై బడి ఆయాకు సీటు వచ్చాక తీరికగా కృతజ్ఞతలు రాయవచ్చని ఇంట్లో అంటున్నారు కానీ, అంతవరకు ఆగడం నావల్ల కావడం లేదు.

మాది నారాయణపేట జిల్లాలోని ఒక పల్లె. మా అమ్మానాన్నలు పెళ్లయిన ఏడాదే ముంబైకి వలస వెళ్లి సెంట్రింగ్ పనిలో చేరారు. చెల్లెలు ఒకటి నుంచి ఏడవ తరగతి వరకు అక్కడి ఒక మునిసిపల్ తెలుగు మాధ్యమం బడిలో చదువుకుంది. పెద్ద చదువుల దాకా అక్కడే ఉంచుదామంటే, మహారాష్ట్రలో డొమిసైల్, అంటే స్థానిక నివాస ధ్రువపత్రం కోసం పదిహేనేళ్ల నివాసం చూపించాలి, మన బీసీ ధ్రువపత్రం అక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. అందుకే ఎనిమిదవ తరగతికి ఆమెను ఊళ్లో అవ్వ దగ్గరికి పంపించారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు, పాత బడి ఇచ్చే టీసీ (బదిలీ ధ్రువపత్రం) లేదన్న కారణంతో పిల్లను వెనక్కి పంపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోందని, ఆధార్ కార్డు చూసి ఆ రోజే చేర్చుకున్నారు. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. కాకపోతే ఆ తరువాత మేమెవ్వరమూ ముంబై వెళ్లి టీసీ తెచ్చుకోవాలని అనుకోలేదు. ఆ అజాగ్రత్త మాదే.

గత గురువారం స్లాట్ ప్రకారం వెళితే, ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లలో ఆరు, ఏడు తరగతులవి లేవని, అవి లేకుండా స్థానికురాలిగా రాయలేమని, సోమవారం లోపు తెమ్మని చెప్పారు. స్థానికేతరురాలిగా రాస్తే స్థానికులకు ఉంచిన 85 శాతం సీట్లలో పోటీకి వీలుండదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. ఆ రెండూ లేకపోతే మాకు ఇంజినీరింగ్ లేనట్టే. ఆ సాయంత్రమే రాయచూరు వెళ్లి రైలెక్కాను.

శుక్రవారం ఉదయం వెళ్లి చూస్తే, పిల్లలు లేక ఆ తెలుగు బడి ఎప్పుడో మూతపడింది. రికార్డులు మరో బడికి తరలించారని పక్కనున్న టీ కొట్టు మనిషి చెప్పాడు. ఆ బడికి వెళితే గుమాస్తా, పాత రిజిస్టర్లు గోదాములో ఉన్నాయి, వెతకడానికి మనిషి లేడు, వచ్చే వారం రమ్మన్నారు. శనివారం మళ్లీ వెళ్లాను. అదే మాట. వరండాలో కూర్చుండిపోయాను. బయట వాన దంచికొడుతోంది.

అప్పుడు ఆ బడిలో ఆయాగా పనిచేసే ఒక పెద్దావిడ వచ్చి ఏం కావాలని అడిగారు. అక్కడ ఆయాలను పిల్లలు, పెద్దలు అందరూ మావ్‌శీ అనే పిలుస్తారు, అంటే పిన్ని. వచ్చీరాని మరాఠీలో నా కథంతా చెప్పాను. ఆమె అంతా విని, ‘పోరగీ శికతే నా?’ అన్నారు, పిల్ల చదువుకుంటోంది కదా అని. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు. శనివారం ఒంటిపూట బడి, ఆమె ఇంటికి వెళ్లే వేళ అయింది. అయినా తాళంచెవి తీసుకుని గోదాము తెరిచారు.

లోపల ఒక మూల కారుతోంది. ఆ మూలకు దూరంగా, బల్లల మీద, రిజిస్టర్లన్నీ ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఉన్నాయి. ఏటా వానలకు ముందు ఆ పట్టా చుట్టేది తానేనని, అది చేయమని ఎవరూ చెప్పలేదని, చేయకపోతే చెదలు, తడి కలిసి మిగల్చవని ఆమె మామూలుగా చెప్పారు. పన్నెండు గంటలకు మొదలుపెట్టి మూడున్నర దాకా ఒక్కొక్క పేజీ మీద వేలు పెట్టి చదువుతూ పోయారు. మా చెల్లెలి పేరు, పక్కన నాన్న పేరు కనబడగానే నాకంటే ముందు ఆమె గట్టిగా అరిచారు. వెళ్లిపోయిన ముఖ్యాధ్యాపకురాలికి తానే ఫోన్ చేసి, బతిమాలి, వెనక్కి పిలిపించి, సంతకం, ముద్ర వేయించారు. నేను రెండు వందలు చేతిలో పెట్టబోతే కోప్పడ్డారు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా చుట్టిన ప్లాస్టిక్ సంచి విప్పి, కొంగుతో తుడిచి, దాఖలాను అందులో పెట్టి ఇచ్చారు. తెలుగులో దాఖలా అంటే రుజువు, మరాఠీలో ఈ కాగితం పేరే దాఖలా. ఆ డబ్బాను అలాగే చేత్తో పట్టుకుని ఆమె వానలో నడిచి వెళ్లిపోతుంటే, అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. తన పేరు ఎక్కడా రాయవద్దని, గోదాము తెరిచినందుకు మాట పడాల్సి వస్తుందని అన్నారు. అందుకే రాయడం లేదు.

ఒక్క మాట అడగకుండా ఉండలేను. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడ చదివితే స్థానికులే అంటోంది. మా చెల్లెలు తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ ఈ జిల్లాలోనే చదివింది. ఆ నాలుగేళ్ల కాగితాలూ బల్ల మీద ఉండగా, ఆ లెక్కలోకే రాని ఆరవ తరగతి కాగితం కోసం మమ్మల్ని ఎందుకు తరిమారు? స్థానిక పిల్లల కోసం చేసిన నియమం, కరువుకు ఊరు విడిచి వెళ్లిన వాళ్ల పిల్లలను సొంత ఊళ్లోనే పరాయివాళ్లను చేస్తుంటే, ఆ కాగితాల జాబితాను ఒక్కసారైనా సరిచూసేవాళ్లు ఎవరూ లేరా?

అమ్మానాన్నలకు, అవ్వకు నేను వేరుగా చెప్పేదేముంది. వెబ్ ఆప్షన్లలో సివిల్ ముందు పెడతానని చెల్లెలు అంటే, ఇరవై ఏళ్లు స్లాబులు పోసిన మా నాన్న ఫోన్‌లో చాలాసేపు నవ్వారు.

ఈ హడావుడిలో మరిచిపోయాను: ఆదాయ ధ్రువపత్రం రాత్రి తొమ్మిది గంటలకు ముద్రించి ఇచ్చిన మీసేవ తమ్ముడికి, తిరుగు రైలులో జనరల్ పెట్టెలో కూర్చోవడానికి జాగా ఇచ్చిన షోలాపూర్ దంపతులకు, ఆ టీ కొట్టు మనిషికి కూడా కృతజ్ఞతలు. పన్నెండు వందల ప్రాసెసింగ్ ఫీజు అప్పుగా కట్టిన మా బావకు కూడా. బావా, వచ్చే నెల ఇచ్చేస్తాను.