కొటేషన్‌లో ఒక్కటే అంకె ఉంటే ఎలా తేల్చుకోవాలి?

సంపాదకుడికి,

2027 గోదావరి పుష్కరాల పేరు చెప్పి రాజమహేంద్రవరంలో లాడ్జీల చుట్టూ అమ్మకందార్లు తిరుగుతున్నారు. ఏసీలు, గీజర్లు సరే, వాటి రేటు బజార్లో నలుగురిని అడిగితే తెలిసిపోతుంది. ఫోన్ సిస్టమ్ సంగతి అలా కాదు. 42 గదులున్న మా లాడ్జికి ఒక డీలరు ఇచ్చిన కొటేషన్‌లో ‘ఐపీ పీబీఎక్స్ అప్‌గ్రేడ్, కంప్లీట్ సెట్: రూ.6,85,000, జీఎస్టీ అదనం’ అని ఒకే ఒక్క లైను ఉంది. పీబీఎక్స్ అంటే గదుల ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజి, ఐపీ అంటే అది కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే రకం. ఇది న్యాయమైన రేటేనా అని మా ఓనరుగారు అడిగారు. లెక్కలు చూసే నేనే కాదు, ఆ కాగితం చూసి బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

విడదీసి రాసివ్వమని గట్టిగా పట్టుబట్టాక అసలు సంగతి బయటపడింది. దాదాపు సగం డబ్బు గదుల్లో పెట్టే కొత్త ఐపీ ఫోన్లకి, ఒక్కో ఫోనుకి కట్టే లైసెన్సుకే పోతోంది. గదిలో దిగినవాళ్లు ఆ ఫోనుతో చేసేదేముంది? రిసెప్షన్‌కి టీ చెప్పడం, తెల్లవారుజామున లేపమనడం. దానికి స్క్రీన్ ఉన్న ఫోనెందుకు? ఉన్న ఫోన్లు, ఉన్న వైరింగ్ అలాగే ఉంచి, గేట్‌వే అనే పెట్టె పెట్టి కొత్త సిస్టమ్‌కి కలపొచ్చు. ఈ మాట ఆ డీలరు చెప్పలేదు, మరొకాయన చెప్పాడు. రిసెప్షన్, కిచెన్, ఓనరుగారి గది, ఈ మూడు చోట్లే ఐపీ ఫోన్లు పెడితే ఆయన లెక్క రూ.2,40,000 దగ్గర ఆగింది.

కాల్స్ కోసం ప్రత్యేకంగా లీజ్డ్ లైను, అంటే అద్దెకి తీసుకునే విడి ఇంటర్నెట్ లైను, కావాలని కూడా ఆ మొదటి డీలరు రాశాడు. మామూలుగా వాడే పద్ధతిలో ఒక కాల్‌కి అటూ ఇటూ సుమారు 90 కేబీపీఎస్ ఇంటర్నెట్ వేగం చొప్పున చాలు. పది కాల్స్ ఒకేసారి నడిచినా ఒక ఎంబీపీఎస్ (వెయ్యి కేబీపీఎస్) దాటదు. గెస్టుల వైఫై రద్దీలో పడకుండా రూటర్‌లో కాల్స్‌ని ముందు వదిలేలా పెట్టుకుంటే సరిపోయేదానికి నెలనెలా అద్దె ఎందుకు?

‘18 శాతం జీఎస్టీ ఎలాగూ క్రెడిట్ వస్తుంది కదండీ’ అన్నాడు డీలరు. అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చని. మాకు రాదు. రోజుకి 7,500 దాటని గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి పన్ను 5 శాతమే, ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం లేదు. అంటే ఆ కొటేషన్ మీద రూ.1,23,300 మా చేతి చమురే.

డీలర్లందరూ దొంగలని నేననను. పాత బిల్డింగులో గోడలు తొలిచి కేబుల్ లాగడం నిజంగానే కష్టం. అక్కడ బేరమాడితే వైర్లు మెట్ల మీద వేలాడేసి పోతారు. అందరికంటే తక్కువ కోట్ చేసినాయన యూపీఎస్ ఊసే ఎత్తలేదు. ఐపీ ఫోన్లకి కరెంటు నెట్‌వర్క్ స్విచ్ నుంచి వెళ్తుంది కాబట్టి, యూపీఎస్ లేకపోతే కరెంటు పోయిన మరుక్షణం అవి మూగబోతాయి. చవక కదా అని అదీ తీసుకోలేం.

నాకు రేటు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మొదటి డీలరు విడదీసి ఇచ్చిన కొటేషన్ చివరి పేజీ. ఏఎంసీ (ఏడాదికింత అని కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం) మొదటి ఏడాది ఉచితమట, రెండో ఏడాది నుంచి ఎంతో రాయలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ‘సంస్థ వద్దే ఉండును’ అట. రేపు ఒక గది ఎక్స్‌టెన్షన్ నంబరు మార్చాలన్నా వాళ్ల మనిషి రావాలి, విజిట్ చార్జి కట్టాలి. పైగా సిస్టమ్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉండి పాస్‌వర్డ్ తేలికైనదైతే, ఎవడో దొంగతనంగా చొరబడి రాత్రికి రాత్రి విదేశాలకి కాల్స్ కొట్టి బిల్లు మన నెత్తిన వేసే మోసాలున్నాయి. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర, బిల్లు మా దగ్గర అంటే ఎలా?

అందుకని చాంబర్ ఆఫ్ కామర్స్ వారికి, హోటల్ యజమానుల సంఘాలకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పరికరాలు, లైసెన్సులు, కేబులింగ్, కూలి, మూడేళ్ల ఏఎంసీ, పాస్‌వర్డ్ అప్పగింత, వేటి గడి వాటికి ఉండేలా ఒక నమూనా ఫారం తయారు చేయండి. మీరు దాన్ని బిజినెస్ పేజీలో వేస్తే మాలాంటి చిన్న లాడ్జీలవాళ్లు కత్తిరించి దాచుకుంటారు. ప్రస్తుతానికి నేనే చేత్తో గీసి మా డీలరుకి పంపాను. ‘ఆఫర్ నెలాఖరు వరకే’ అని రోజూ ఫోన్ చేస్తున్నాడు గానీ, ఆ గళ్లు మాత్రం ఇంకా నింపి పంపలేదు.

– ఒక లాడ్జి అకౌంటెంటు, రాజమహేంద్రవరం