నెమ్ము అని చెప్పకు

చిట్టీ,

ఈ ఉత్తరంతో పాటు ఒక పెద్ద గోధుమరంగు కవరు పంపుతున్నాను. జగిత్యాల బస్టాండులో కార్గోలో వేస్తున్నా, రేపటికల్లా హైదరాబాద్ జేబీఎస్ బస్టాండుకు వస్తుంది. నువ్వే వెళ్లి తెచ్చుకో, రూమ్మేట్‌ను పంపకు. అందులో ఉన్నది 2012 నాటి నీ ఎక్స్‌రే. రెండు అట్టముక్కల మధ్య పెట్టి చుట్టూ కుట్టాను. దాన్ని మాత్రం మడవకు. మడత పడితే ఆ గీత కూడా ఊపిరితిత్తి మీద మచ్చలాగే కనబడుతుంది.

మొన్న ఫోన్లో "థైరాయిడ్ గోలీ సంగతి కెనడా వీసా మెడికల్లో చెప్పాలా వద్దా అమ్మా" అని అడిగావు. రేపు చెప్తానని పెట్టేశాను. పక్కన బాపు ఉన్నాడు. ఆయన ముందు మెడికల్ అన్న మాట ఎత్తితే ఆ పూట అన్నం సయించదు, నీకు తెలుసు కదా.

థైరాయిడ్ ముచ్చట ముందే తేల్చేస్తాను. నువ్వు వేసుకునేది యాభై పవర్ గోలీ, నెలకు వంద రూపాయలు కూడా కాదు. నీ వల్ల వాళ్ల ఆస్పత్రుల మీద ఎంత ఖర్చు పడుతుందో కెనడా వాళ్లు లెక్క చూసుకుంటారట. దానికి 2025కి పెట్టుకున్న హద్దు ఏడాదికి 27,162 కెనడా డాలర్లు. మన డబ్బుల్లో పదహారు లక్షల పైమాట. నీ గోలీలు ఎన్ని జన్మలు మింగితే అంత అవుతుంది? డాక్టర్ అడిగితే గోలీ పేరు, డోసు చెప్పు, ఈ మధ్య చేయించిన టీఎస్‌హెచ్ రిపోర్టు చూపించు. దాని గురించి ఇక టెన్షన్ పడకు. మీ దోస్తులు "ఏమీ చెప్పకే, లేనిపోని తలనొప్పి" అన్నారన్నావు. వాళ్లకు ఏ తలనొప్పీ లేదు కాబట్టి అన్నారు.

నువ్వు అడగనిది ఇంకోటి ఉంది. గుర్తుండి అడగలేదో, గుర్తే లేదో.

ఐదో తరగతిలో ఒకరోజు బాత్రూంలోంచి ఏడ్చుకుంటూ వచ్చావు, ఒంటేలు నారింజ రంగులో వస్తోందని. రక్తం అనుకున్నావు. అది నీ టీబీకి ఇచ్చిన రిఫాంపిసిన్ మందు రంగు. ముందే చెప్పి ఉండాల్సింది నేను. ఊళ్లో అందరికీ చెప్పేదాన్ని, ఇంట్లో మరిచిపోయాను. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు, బడికి పోయే ముందు అంగన్‌వాడీ టీచర్ ఇంటికి వెళ్లి ఆమె కళ్ల ముందే గోలీలు మింగేదానివి. ఊళ్లో టీబీ వాళ్లకు గోలీలు మింగించే ఆశా వర్కర్‌ను నేనే అయినా, అప్పటి రూలు ప్రకారం ఇంట్లోవాళ్లు ఇవ్వకూడదు. బిడ్డ వాంతి చేసుకుంటుంటే చూడలేక తల్లి ఒక డోసు వదిలేస్తుందని కాబోలు. అబద్ధమెందుకు, నేనైతే వదిలేసేదాన్నే.

ఆ ఆరు నెలలూ ఎవరు అడిగినా "నెమ్ము చేసింది" అని చెప్పమన్నాను నీకు. నువ్వు బుద్ధిగా అలాగే చెప్పావు. ఇంటింటికీ తిరిగి "టీబీ అంటే సిగ్గు పడకండి, దాచకండి" అని చెప్పొచ్చి, ఇంట్లో మాత్రం రేపు నీకు సంబంధాలు రావేమోనని భయపడ్డాను. నీకు దాచడం నేర్పింది మీ దోస్తులు కాదు బిడ్డా, నేనే.

బాపు భయం వేరు. ఆయనకు 2011లో దుబాయి నుంచి వచ్చాక తేలింది. నీకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. కోర్సు పూర్తి చేశాడు, తెమడ పరీక్షలో ఏమీ లేదన్నారు, బరువు కూడా పెరిగాడు. 2013లో మళ్లీ పోదామని ఏజెంటుకు డెబ్బై వేలు కట్టాం. మెడికల్లో ఎక్స్‌రే చూసి అన్‌ఫిట్ అన్నారు. నయమైందని కార్డు చూపిస్తే చూడనే లేదు. గల్ఫ్ మెడికల్లో మానిపోయిన మచ్చ కనబడినా అంతే. ఏజెంటు ఇరవై వేలు చేతిలో పెట్టి, మిగతాది ఖర్చయిపోయిందన్నాడు. అందుకే బాపు ఇప్పటికీ అంటాడు, "మచ్చ ఉందని నోరు తెరిచి చెప్తే పనైపోయినట్టే" అని. ఆయన చూసింది ఆయన చెప్తున్నాడు. కానీ అది గల్ఫ్ లెక్క.

నువ్వు పంపిన కెనడా కాగితాలు మా పీహెచ్‌సీలో టీబీ సూపర్వైజర్ సార్‌తో చదివించాను. వాళ్లకు మచ్చతో పేచీ లేదు. లోపల క్రిమి ఇంకా బతికి ఉందా అన్నదే వాళ్ల ప్రశ్న. అది తేల్చుకోవడానికి మూడు రోజులు వరసగా తెమడ అడుగుతారు. అందులో క్రిమి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు ఎనిమిది వారాల దాకా పడుతుంది. మామూలు బ్యాక్టీరియా రెండు రోజుల్లో పెరుగుతుంది, ఇది చాలా నిదానం. అందుకే కాలేజీ తేదీ చూసుకుని మెడికల్ ఎంత ముందు వీలైతే అంత ముందు చేయించుకో. అది ఏడాది వరకు చెల్లుతుంది కాబట్టి తొందర పడ్డామన్న బాధ ఉండదు. రిజల్టు రాకముందే టికెట్టు మాత్రం కొనకు.

తెమడ అంటే ఉమ్మి కాదు. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో ఇదే చెప్తున్నా, సగం మంది ఇప్పటికీ ఉమ్మే తెచ్చిస్తారు. పొద్దున్నే ఏమీ తినకముందు నోరు నీళ్లతో పుక్కిలించు. రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఆపి, అడుగునుంచి దగ్గు. చిక్కగా వస్తేనే డబ్బాలో వెయ్యి. నీళ్లలా ఉంటే వాళ్లే వెనక్కి పంపుతారు, ఇంకో రోజు పోతుంది. ఆ మూడు రోజులు ఆఫీసుకు సెలవు పెట్టెయ్యి.

పాత ఎక్స్‌రే చూపిస్తే తెమడ పరీక్ష తప్పుతుందని నేను చెప్పను. కానీ పదమూడేళ్ల కిందటి మచ్చ, ఇప్పటి మచ్చ పక్కపక్కన పెట్టి చూస్తే పెరగలేదని డాక్టర్‌కు తెలుస్తుంది. ఫిల్మ్‌తో పాటు నీ ట్రీట్మెంట్ కార్డు, డిశ్చార్జి చీటీ, మందుల కోర్సు పూర్తయినట్టు పీహెచ్‌సీ డాక్టర్ రాసిచ్చిన కాగితం పెట్టాను. కార్డు మీద "క్యూర్డ్" అని ఉండదు, "ట్రీట్మెంట్ కంప్లీటెడ్" అని ఉంటుంది. చూసి కంగారు పడకు. నీ తెమడలో క్రిమి మొదట్లోనే దొరకలేదు, ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టారు. మొదట్లో దొరికి, చివర్లో లేదని తేలిన వాళ్లకే "క్యూర్డ్" అని రాస్తారు. బాపు కార్డు మీద ఆ మాట ఉంది, అయినా ఆయనకు అది పనికి రాలేదు.

మెడికల్ ఫారంలో ఇంతకు ముందు టీబీ వచ్చిందా అని అడుగుతారు. కింద సంతకం నీది. లేదని రాసి పక్క గదిలోకి వెళ్తే ఎక్స్‌రే ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. అబద్ధం చెప్పినట్టు తేలితే ఐదేళ్ల దాకా ఆ దేశం గడప తొక్కనివ్వరు. మచ్చకు ఆ శిక్ష లేదు.

ఇంకొన్ని చిన్న సంగతులు. నెలసరి రోజుల్లో అపాయింట్‌మెంట్ పెట్టుకోకు. మూత్రంలో రక్తం కనబడితే మళ్లీ రమ్మంటారు. ఎక్స్‌రేకు గొలుసు తీసెయ్యి, జడ పైకి చుట్టి క్లిప్పు లేకుండా రబ్బరు బ్యాండుతో కట్టు. జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంలో నీడ పడుతుంది. నీ మచ్చ ఉన్నదీ సరిగ్గా అక్కడే, కుడివైపు పైన. పాస్‌పోర్టు, కళ్లద్దాలు మరిచిపోకు. హెచ్ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు కూడా చేస్తారు, అందరికీ చేస్తారు, ఏమీ అనుకోకు. కెనడా వాళ్ల లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గరికే వెళ్లు. "మేం మేనేజ్ చేస్తాం" అనే కన్సల్టెన్సీ వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకు. ఆ డాక్టర్ కూడా పాస్, ఫెయిల్ అని చెప్పడు, కాగితాలు కెనడాకు పంపుతాడు, తేల్చేది వాళ్లు.

అంతా బాగుందని వీసా ఇచ్చినా, దిగిన ముప్పై రోజుల్లోపు అక్కడి హెల్త్ వాళ్లకు కనబడమని ఒక కాగితం ఇవ్వొచ్చు. మానిన టీబీ ఉన్నవాళ్లకు అది ఇస్తారట. వెళ్లి కనబడు. నాలాంటి వాళ్లే ఎవరో ఉంటారు అక్కడ, రిజిస్టర్ పట్టుకుని.

డాక్టర్ అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పు. "టీబీ, 2012, ఆరు నెలల మందులు, పూర్తయ్యాయి." అద్దం ముందు ఒకసారి అనుకుని వెళ్లు. నిన్న వంటింట్లో నేను అనుకుని చూశాను, మొదటిసారి గొంతు పెగల్లేదు.

ఈ పార్సిల్ సంగతి బాపుకు ఇంకా చెప్పలేదు, ఆదివారం చెప్తాను. నీ ఎక్స్‌రే, ఆయనది బీరువా మీది సూట్‌కేసులో ఒకే కవర్లో ఉండి ఒకదానికొకటి అంటుకుపోయాయి. కాసేపు ఎండలో పెట్టి మెల్లగా విడదీశాను. నీ ఫిల్మ్ అంచున కొంచెం పొర లేచింది. మచ్చ ఉన్న చోటు బాగానే ఉంది.

కవరు అందగానే ఫోన్ చెయ్యి.

మీ అమ్మ