చందుర్తి యుద్ధ ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వాళ్లకీ, ఇస్తామని ఇంకా ఇవ్వని వాళ్లకీ నమస్కారం. మొన్న డిసెంబరు 7న వేసిన ప్రదర్శనకు వచ్చిన మొత్తం 2,15,200 రూపాయలు. ఖర్చు 2,01,250. మిగులు 13,950. ఇందులో 12,000 బ్యాంకులో వేశాం, 1,950 నా దగ్గర ఉంది.

లెక్క ఇంతే అయితే ఒక్క కాగితంతో సరిపోయేది. కానీ నన్ను ఆపి అడిగిన వాళ్లలో సగం మంది అడిగింది లెక్క కాదు. "మన చందాలతో ఈస్టిండియా కంపెనీ సిపాయి వేషాలు కట్టించారేంటి?" అని. ఏ పటాలం వేషం కట్టాలన్న దాని మీదే మాకు మూడు మీటింగులు పట్టాయి. ఖర్చు కూడా చాలావరకు దాన్నిబట్టే తేలింది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

1758 డిసెంబరు 7న గొల్లప్రోలు పక్కన చందుర్తి దగ్గర ఇంగ్లీషు వాళ్లకీ ఫ్రెంచి వాళ్లకీ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని కాండోర్ అని రాసుకున్నారు. ఫ్రెంచి వాళ్లతో చెడిన విజయనగరం రాజు ఆనంద గజపతి విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషు వాళ్లకు కబురు పెడితే, అక్కడ కంపెనీ పెద్దగా ఉన్న క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. అవతల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్. రెండు వైపులా కలిపి తెల్లవాళ్లు సుమారు వెయ్యి మంది. సిపాయిలు దాదాపు ఎనిమిది వేలు.

మా దగ్గర వేషం కట్టడానికి ఉన్నది 24 మంది కుర్రాళ్లు. రెండు సైన్యాలు చూపించే స్తోమత లేదు. ఒక్క పటాలమే చూపించాలి, మిగతాది మైకులో చెప్పాలి అనుకున్నాం.

మొదట అందరికీ మోజు ఫోర్డ్ తెల్ల సోల్జర్ల మీదే. మూడు మూలల టోపీ, పొడుగు కోటు, లోపల వెయిస్ట్‌కోటు, మోకాళ్ల దాకా నిక్కరు, పిక్కలకు పట్టీలు, బూట్లు. అద్దె మాట పక్కన పెట్టి కుట్టించడానికి అడిగితే మనిషికి 4,200 చెప్పారు. అంటే 24 మందికి 1,00,800. అక్కడితో ఆ మోజు తీరిపోయింది. పైగా డిసెంబరు అయినా మన ఎండ ఎండే.

తర్వాత ఆనంద గజపతి సైన్యం. మన రాజు, మన మనుషులు, ఈటెలు, విల్లంబులు. ఖర్చూ తక్కువే. పెద్దాయన ఒకరు ఈ షరతు మీదే 25,000 ఇచ్చారు కూడా. చిక్కల్లా ఏమిటంటే, ఫిరంగి గుండ్లు పడుతున్నంతసేపూ రాజు గారి దండు ఎండిపోయిన చెరువు గుంటలో నక్కి ఉందని ఇంగ్లీషు రాతలు. "ఆ రాసింది వాళ్లే కదా, మన గురించి మంచిగా రాస్తారా?" అని పెద్దాయన అన్న మాట కొట్టిపారేయడానికి లేదు. కానీ 24 మందిని గుంటలో కూర్చోబెట్టి జనానికి ఏం చూపిస్తాం? ఓటింగులో ఆరుగురు అటు, పదకొండు మంది ఇటు. 25,000 వాపసు ఇచ్చేశాం. ఆయన పుచ్చుకుని, "ప్రదర్శనకు మాత్రం వస్తాను" అన్నారు. వచ్చారు, ముందు వరసలో కూర్చున్నారు.

ఇక మిగిలింది ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు, అంటే కంపెనీ కొలువులో ఉన్న మన దేశపు సైనికులు. అసలు ఆ రోజు కథ మలుపు తిరిగింది వాళ్ల కోట్ల దగ్గరే. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో, సిపాయిలను రెండు పక్కలా నిలబెట్టాడు. సిపాయిలకూ ఎర్ర కోట్లే. తెల్ల పటాలం ముందు నిలువెత్తు చేను అడ్డొచ్చింది. కనబడిన ఎర్ర కోట్లే ఇంగ్లీషు వాళ్లు అనుకుని ఫ్రెంచి పటాలం ఎడమ పక్క సిపాయిల మీద పడింది. వాళ్లు తట్టుకోలేక వెనక్కి తగ్గారు. గెలిచాం అనుకుంటున్న ఫ్రెంచి వాళ్ల మీద చేను చాటు నుంచి అసలు పటాలం బయటికొచ్చి పక్కవాటుగా కాల్పులు మొదలెట్టింది. అంతే, యుద్ధం తిరగబడింది. ఎవరో అనుకుని తమ మీదికొచ్చిన దెబ్బ కాచుకున్న వాళ్లు ఆ సిపాయిలు. గెలుపు ఫోర్డ్ ఖాతాలో పడింది. ఒక్క పటాలమే చూపించాల్సి వస్తే నా ఓటు వాళ్లకే. వేశాను కూడా.

ఖర్చు కూడా కలిసొచ్చింది. పొట్టి ఎర్ర కోటు, తొడల దాకా జాంగియా, తలపాగా. బూట్లు అక్కర్లేదు. గుడ్డ, కుట్టు కూలి కలిపి మనిషికి 1,650.

ఇప్పుడు జమ. ఊళ్లో 86 మంది ఇచ్చిన చందాలు 1,12,400. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మన వాళ్లు పంపింది 64,000. వేషం కట్టిన కుర్రాళ్లు తలా 500 వేసుకున్నది 12,000. పైన చెప్పిన షరతు చందా 25,000. జొన్న చొప్ప అమ్మితే వచ్చింది 1,800.

ఖర్చులు:

కోటు, జాంగియా, తలపాగా 24 జతలు – 39,600
పాడైన గుడ్డ – 7,200
చెక్క తుపాకులు 24 – 21,600
బెల్టులు, తోలు సంచులు – 8,400
జొన్న చొప్ప, దాని రవాణా – 6,500
షామియానా, మైకు, లైట్లు – 38,000
డప్పుల వాళ్లకు – 12,000
రిహార్సల్ రోజులు, ప్రదర్శన రోజు భోజనాలు – 31,400
నేల చదునుకు ట్రాక్టరు – 5,000
టపాసులు – 4,300
అనుమతి కాగితాలు, జెరాక్సులు, మందుల పెట్టె – 2,250
షరతు చందా వాపసు – 25,000

పాడైన గుడ్డ గురించి. అది కొన్నది నేనే. రాత్రి ట్యూబులైటు కింద ఎర్రగానే కనబడింది. పొద్దున్న చూస్తే రాణీ రంగు. తడిపి చూస్తే నీళ్లన్నీ గులాబీ. కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు. ఆ 7,200 నేను పెట్టుకుంటానంటే కమిటీ వద్దంది. సరే, కానీ "ఇతరములు" అన్న పద్దులో కలిపేయడం నాకు ఇష్టం లేక విడిగా రాశాను.

జొన్న చొప్ప ఎందుకన్న వాళ్లకు: ఆ చేను లేకపోతే కథే లేదు. నిలబడి ఉన్న పంటలో తొక్కించలేం కాబట్టి చొప్ప కట్టలు తెచ్చి పాతించాం. మర్నాడు గేదెల వాళ్లు ఎత్తుకెళ్లారు, డబ్బిచ్చే. భోజనాల ఖర్చు ఎక్కువైన మాట నిజం. మూడో రిహార్సల్‌కు సిపాయిలు 24 మందే, విస్తళ్లు మాత్రం 70 లేచాయి.

తుపాకులు పూర్తిగా చెక్కవే, చివర బాయ్‌నెట్‌కు వెండి రంగు పూయించాం. చప్పుడు టపాసులది. ఫ్రెంచి వాళ్లు పొగ వెనక డప్పులుగానే ఉన్నారు.

రావాల్సిన చందా ఒకటి ఉంది, 10,000. చేతికి రానిది జమలో చూపలేదు. గెలిచాక ఆనంద గజపతి ఇస్తానన్న ఖర్చుల డబ్బు ఆలస్యమై, ఫోర్డ్ సైన్యం మచిలీపట్నం వైపు కదలకుండా వారాల తరబడి ఆగిపోయింది. ఆ లెక్కన మాది పెద్ద బాధేం కాదు.

రసీదులు, వోచర్లు అన్నీ ఫైల్లో ఉన్నాయి. ఆదివారం పొద్దున్న గ్రంథాలయంలో ఎవరైనా చూసుకోవచ్చు. కోట్లు ఉతికించి, కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో పెట్టాం. వచ్చే ఏడు గజపతి దండు వేయాలన్న ప్రతిపాదన సంక్రాంతి తర్వాత మీటింగుకు వస్తుంది.

రెండు బెల్టులు, ఒక తలపాగా ఇంకా తిరిగి రాలేదు. ఎవరింట్లో ఉన్నా దయచేసి ఆదివారం లోపల అందజేయండి.

– కోశాధికారి