బూచోడు సముద్రపు నీళ్లు తాగిన సంగతి

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు "బూచోడెలా ఉన్నాడు నాన్నా" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నాడు" అన్నాను కదా. అది అబద్ధం. ఆ టైమ్‌లో మన కుక్కగారు వరండాలో చాప మీద తల వాల్చేసి పడున్నాడు. మీ అమ్మ నన్ను కాల్చేసేలా చూస్తోంది. ఈరోజు పొద్దున వాడు మళ్లీ నా చెప్పు ఎత్తుకుపోయాడు. అంటే కోలుకున్నట్టే, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు సగంలోనే ఏడుస్తావు, లేకపోతే నన్ను తిడతావు. ఉత్తరంలో ఆ రెండూ నాకు వినపడవు.

నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ వాడు సాయంత్రమయితే చాలు, గేటు దగ్గర కూర్చుంటున్నాడు. చూడలేక, కాస్త గాలి మారుతుందని శనివారం బీచ్‌కి తీసుకెళ్లాను. తెల్లారగట్లే బయల్దేరాలనుకున్నా గానీ పేపరు చదివి లేచేసరికి పదకొండయింది. ఇసుక మీద నాలుగడుగులు వేశాడో లేదో, ఒక కాలు ఎత్తడం, అది దించి ఇంకోటి ఎత్తడం మొదలుపెట్టాడు. డ్యాన్స్ చేస్తున్నాడనుకుని నవ్వాను. ఫొటో కూడా తీశాను, సిగ్గు లేకుండా. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నా కాళ్లకున్న చెప్పుల వంక ఓసారి చూసి, "చెయ్యి పెట్టి చూడండి సార్" అన్నాడు. చేతి వెనకభాగం ఇసుకకి ఆనించాను. మూడు సెకన్లు కూడా ఆగలేకపోయాను. కనీసం ఏడు సెకన్లు ఆనించి ఉంచగలిగితేనే కుక్కని నడిపించాలట. వాణ్ని ఎత్తుకుని తడి ఇసుక దాకా పరిగెత్తాను. పాతిక కిలోలు! నా నడుము సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను.

కానీ నువ్వు చూడాల్సింది ఆ తర్వాతే. మొదట అల వస్తుంటే నా కాళ్ల వెనక దాక్కున్నాడు. అది వెనక్కి పోగానే తానే తరిమేశాననుకున్నాడేమో, తోక పైకెత్తి మొరుగుతూ వెంటపడ్డాడు. అంతలో ఇంకో అల వచ్చింది, మళ్లీ నా కాళ్ల వెనక్కి. ఇలా ఒక అరగంట. ఆ తర్వాత పీత ఒకటి కన్నంలోకి దూరితే మెడ దాకా ఇసుక తవ్వేశాడు. పీత ఇంకోవైపు నుంచి బయటికొచ్చి వెళ్లిపోయింది. వీడింకా తవ్వుతూనే ఉన్నాడు. నువ్వెళ్లాక వాడు అంత సంతోషంగా ఉండడం అదే మొదటిసారి. అందుకే నాకూ ఒళ్లు తెలియలేదు. పట్టీ విప్పేసి, నీ పసుపు బంతి నీళ్లలోకి విసరడం మొదలుపెట్టాను.

నేనసలు తాగడానికి నీళ్లు తీసుకెళ్లలేదమ్మా. సముద్రం దగ్గరికి నీళ్లు మోసుకెళ్లడమేంటి అనుకున్నాను. ఉప్పగా ఉంటే వాడే తాగడులే అని కూడా అనుకున్నాను. బంతి నోట కరుచుకున్న ప్రతిసారీ గుక్కెడు నీళ్లు లోపలికి పోతాయని తట్టలేదు. పైగా దాహమేసి మధ్యలో నాలుగుసార్లు నాకాడు కూడా. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాల్సింది, బద్ధకించాను. దారి పొడవునా ఒంటి మీది ఉప్పంతా నాకుతూనే కూర్చున్నాడు. రాత్రికి వాంతులు, తెల్లవారుజాము నుంచి విరేచనాలు.

డాక్టరు గారు ముందు అడిగింది "ఎంత తాగాడు?" అని. ఏం చెప్పను? లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుందట. అది కడుపులోకి పోతే ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగేస్తుంది, అందుకే విరేచనాలు. మరీ ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా పోతుంది, ప్రాణానికే ముప్పు. మనవాడికి అంత దాకా రాలేదు. సెలైన్ పెట్టి, మంచినీళ్లు ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా ఇమ్మన్నారు. ఒడ్డున చచ్చిన చేపనేమైనా నోట పెట్టాడా అని కూడా అడిగారు. బెలూన్‌లా ఉబ్బే చేపలో విషం చచ్చాక కూడా అలాగే ఉంటుందట, కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ కూడా చచ్చాక కుడుతుందట. వీడు ఒక చచ్చిన చేప మీద పొర్లాడు గానీ తినలేదు. ఆ కంపు మాత్రం కారులో ఇంకా ఉంది.

ఇక్కడి దాకా మీ అమ్మకి తెలుసు. ఇకపై రాసేది నీకొక్కదానికే.

ఆఖరిసారి విసిరినప్పుడు బంతి కొంచెం దూరం పోయింది. అక్కడ అలలు విరగడం లేదు, నీళ్లు ప్రశాంతంగా కనిపించాయి. అదే మంచి చోటు అనుకున్నాను. అలలు లేని ఆ పాయలోనే నీళ్లు లోపలికి లాగుతాయని నాకేం తెలుసు. బంతి వెనక వీడు, వీడి వెనక నేను. ఈత రాని మనిషిని, నడుము లోతు దాకా వెళ్లిపోయాను. కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఆ పెద్దాయన ఒడ్డున నిలబడి గట్టిగా కేకేశాడు: "సార్, వెనక్కి రండి! కుక్క వచ్చేస్తుంది, మీరు రాలేరు!" ఎలా తిరిగానో తెలియదు. ఆయన ఒడ్డు వెంబడే పక్కకి నడుస్తూ ఈల వేశాడు, బూచోడు ఆ ఈల వైపు అడ్డంగా ఈదుకుంటూ వచ్చేశాడు. లాగే నీటికి ఎదురీదకూడదట, ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ పాయలోంచి బయటపడాలట. వాడికి ఆ సంగతి ఎవరు చెప్పారో! ఒడ్డుకి రాగానే ఒళ్లు దులిపి మా ఇద్దరినీ తడిపేశాడు. నా చేతులు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

సెలవులకి నువ్వొచ్చాక ముగ్గురం వెళ్దాం. ఆరింటికల్లా అక్కడుండాలి. నీళ్ల సీసాలు నేను మోస్తాను, పొడుగు పట్టీ నువ్వు పట్టుకో. బంతి తడి ఇసుక మీదే వేద్దాం.

అన్నట్టు, నీ పసుపు బంతి తిరిగి రాలేదు. వాడు రోజూ మంచం కింద తల దూర్చి వెతుకుతున్నాడు. వచ్చేటప్పుడు అలాంటిదే ఇంకోటి తెచ్చిపెట్టు.

మీ నాన్న