ప్రయోగాల రికార్డులో పిల్లలు చూసిన అంకెనే రాయనివ్వండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల విద్యాశాఖాధికారులకు,

నమస్కారం.

తిరుమల కొండ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. కొండ కింద తిరుపతిలో అయితే 99.5 దగ్గర. కానీ ఏ బడిలోనైనా రికార్డులో 100 అనే రాయించే అలవాటు బలంగా పాతుకుపోయింది. కళ్లెదుట 97 కనిపిస్తుంటే 100 అని రాసిన పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నది సైన్సు కాదు. చూసినదాన్ని చూసినట్టు రాసే స్వేచ్ఛ పిల్లలకు ఇప్పించమని అడగడానికే ఈ లేఖ.

థర్మామీటరు 97 చూపితే అది ఎత్తు వల్లనా, పరికరంలో తప్పుందా అని తేల్చుకోవడం కూడా ప్రయోగంలో భాగమే. అందుకు పెద్ద ఖర్చు లేదు. ఐసును గుడ్డలో చుట్టి నలగ్గొట్టి గ్లాసు నింపాలి. ముక్కల సందులు నిండేంతవరకే నీళ్లు పోయాలి. థర్మామీటరు బల్బు అడుగుకు తగలకుండా ఐసు మధ్యలో ఉంచి, కలుపుతూ అయిదు నిమిషాలు చూడాలి. సున్నా దగ్గర నిలవాలి. 1 దగ్గర నిలిస్తే ఆ పరికరం ఒక డిగ్రీ ఎక్కువ చూపుతున్నట్టు. తర్వాతి రీడింగుల్లోంచి ఆ ఒకటీ తీసేయాలి. నీళ్లు ఎక్కువ పోసి కలపకుండా వదిలేస్తే ఐసు పైకి తేలి, అడుగున కాస్త వెచ్చని నీరు చేరుతుంది. అప్పుడు మంచి థర్మామీటరు కూడా 2, 3 డిగ్రీలు చూపవచ్చు. మరిగే నీళ్లలోనూ బల్బు గిన్నె అడుగుకు తగిలితే రీడింగు పెరుగుతుంది. ఒకే థర్మామీటరుతో కొండ మీదా కిందా కొలిస్తే పరికరం తప్పు రెండుచోట్లా ఇంచుమించు ఒకటే కాబట్టి, రెండు డిగ్రీల పైచిలుకు తేడా స్పష్టంగా బయటపడుతుంది. మన ప్రాంతపు పిల్లలకు ఇంత అందమైన ప్రయోగం ఊళ్లోనే ఉంది.

లోలకం విషయంలోనూ ఇదే కథ. మీటరు పొడవున్న లోలకం ఒక డోలనానికి, అంటే ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడానికి, సుమారు 2 సెకన్లు తీసుకుంటుంది. స్టాప్‌వాచీ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందంటే, ఒక్క డోలనం కొలిచినవారికి నూటికి పది తప్పు. 20 డోలనాలు కొలిచి 20తో భాగిస్తే నూటికి అర మాత్రమే. పొడవును దారం కొసదాకా కాదు, గుండు మధ్యదాకా తీసుకోవాలి. ఎక్కువమంది జారిపోయేది లెక్కింపులో: వాచీ నొక్కుతూ 'ఒకటి' అంటే, ఇరవై అనేసరికి జరిగినవి 19 డోలనాలే. ఆ సమయాన్ని 20తో భాగించి లెక్కగడితే గురుత్వ త్వరణం 9.8 మీ/సె²కి బదులు 10.8 దాటిపోతుంది. 'సున్నా' అంటూ నొక్కాలి. 10.8 వచ్చిన అమ్మాయి ఎందుకు వచ్చిందో వెతికి పట్టుకుంటే ఆమెకు పూర్తి మార్కులు వేయాలన్నది మా గట్టి అభిప్రాయం. క్లాసులో నలభైమందికీ సరిగ్గా 9.8 వచ్చిందంటే, కొలిచింది ఏ ఒక్కరో, లేదా ఎవరూ కొలవలేదో.

వెర్నియర్ కాలిపర్స్‌ను దవడలు మూసి చూడకుండా వాడనివ్వకూడదు. మూసినప్పుడు వెర్నియర్ (జరిగే చిన్న స్కేలు) సున్నా ప్రధాన స్కేలు సున్నాకు కుడివైపు ఉండి, మూడో గీత కలిసిందనుకోండి: కనీసపు కొలత (పరికరం చూపగల అతి చిన్న తేడా) 0.1 మిల్లీమీటరు అయితే ప్రతి కొలతలోంచీ 0.3 తీసేయాలి. ఎడమవైపు ఉండి ఏడో గీత కలిస్తే 0.3 కలపాలి, 0.7 కాదు; పది గీతల్లో ఏడు పోగా మిగిలింది మూడే. అటల్ టింకరింగ్ ల్యాబు (పిల్లలు సొంతంగా వస్తువులు తయారుచేసే ప్రయోగశాల) ఉన్న బళ్లలో ఈ నైపుణ్యం వెంటనే పనికొస్తుంది. 5 మిల్లీమీటర్ల బోల్టుకు సరిగ్గా 5 మిల్లీమీటర్ల రంధ్రం గీసి త్రీడీ ప్రింటరుకు ఇస్తే, రంధ్రం సాధారణంగా కాస్త చిన్నదై బోల్టు దూరదు. ఎంత తగ్గిందో స్కేలుతో తేలదు.

చిత్తూరు జిల్లాలో పాడి లేని పల్లె అరుదు. లాక్టోమీటరును ప్రయోగశాలకు తెప్పించండి. అందులో 28 అంటే పాల సాపేక్ష సాంద్రత 1.028 అని, అంటే నీటికి 1.028 రెట్లు. అర లీటరు పాలలో 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు కలుపుతూ, ప్రతిసారీ రీడింగు రాసి గ్రాఫు గీయమనండి. నురగ రాకుండా పాలను జాడీ గోడ వెంట పోయాలి. చల్లని పాలకు రీడింగు పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రత కూడా రాయాలి. నీళ్లు రీడింగును దించుతాయి, మీగడ తీస్తే పెరుగుతుంది. రెండూ చేస్తే రీడింగు మామూలుగానే ఉండవచ్చు. పాల కేంద్రంలో వెన్న శాతం కూడా ఎందుకు చూస్తారో అప్పుడు పిల్లలకు చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. కొత్త కిట్లకంటే ముందు ఉన్నవాటిని బతికించాలి. మల్టీమీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టి నేరుగా సెల్లుకు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. మార్చాల్సింది చిన్న ఫ్యూజే, కానీ మీటరే చెడిందని బీరువాలో పెట్టేస్తారు. లోపలి బ్యాటరీ నీరసిస్తే చాలా మీటర్లు ఓల్టేజీని ఎక్కువగా చూపుతాయి. వేసవి సెలవుల్లో తీయకుండా వదిలేసిన బ్యాటరీ కారి కాంటాక్టులను తినేస్తుంది. ఫ్యూజులకు, బ్యాటరీలకు, పగిలిన కొలజాడీలకు ప్రతి బడికీ ఏటా విడిగా కొంత సొమ్ము కేటాయించండి. పగిలితే టీచరు జీతంలోంచి కట్టాలనే భయం ఉన్నంతకాలం బీరువా తాళం తెరుచుకోదు.

పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇచ్చినట్టే, ప్రతి పరికరం మీదా పేరు, పరిధి, కనీసపు కొలత, శూన్యాంశ దోషం (సున్నా ఉండాల్సినచోట చూపే తేడా) తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అతికించాలి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధనల జాతీయ సంస్థ) ఉన్నాయి, గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. వారితో మాట్లాడి ఉపాధ్యాయులకు పరికరాల సరిచూపుపై ఒకరోజు శిక్షణ ఏర్పాటు చేయవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక్క ఉత్తర్వు కావాలి: ఇంటర్నల్ మార్కుల్లో ప్రయోగానికి ఇచ్చేవి పుస్తకంలోని జవాబుకు కాకుండా, ప్రమాణంతో సహా రాసిన అసలు రీడింగుకూ, తేడాకు చెప్పిన కారణానికీ ఇవ్వాలని. తనిఖీకి వచ్చినవారు రికార్డుల అట్టలు, బొమ్మలు చూసి సంతకం పెట్టకుండా, నాలుగు రికార్డులు పక్కపక్కన పెట్టి అంకెలు పోల్చాలని. జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఇది ప్రధానోపాధ్యాయులకు అందేలా చూడగలరు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులం కొందరం