వీడ్కోలు కచేరీకి వెన్నుదన్నుగా నిలిచిన సినీ మిత్రులకు కృతజ్ఞతలు

మిత్రులందరికీ నమస్కారం.

మా ఊరి ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి ప్రధాన గాయనిగా ఉన్న అమ్మగారు వేదికకు సెలవు చెబుతూ చేసిన చివరి కచేరీ నిండు సభలో, అనుకున్న దానికన్నా హాయిగా జరిగింది. ఆ సాయంత్రం జనానికి కనిపించింది పాడినవారు, వాయించినవారు, మధ్యలో మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పిన నేను మాత్రమే. అయితే ఏ పాట ఎక్కడ రావాలి, ఏ శ్రుతిలో రావాలి, పాటల నడుమ వేసిన హాస్య నాటికలో ఏ పాత్ర ఏ యాసలో మాట్లాడాలి అన్న ప్రతి నిర్ణయం వెనుకా మన సినీ అభిమానుల బృందంలో పొద్దుపోయేదాకా సాగిన చర్చలున్నాయి. సభలో మీ అందరి గురించి చెప్పే వ్యవధి దొరకలేదు కనుక, ఎవరి వల్ల ఏం జరిగిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పేర్లు రాయవద్దని మీలో చాలామంది కోరారు. ఆ మాట మన్నిస్తున్నాను.

ముందుగా పాటల సంగతి. ఎస్. జానకి గారి పాటలతోనే అమ్మగారికి మా ప్రాంతంలో పేరు వచ్చింది. కాబట్టి చివరి కచేరీలో ఆ పాటలే ఎక్కువగా ఉండాలన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఏ పాటలన్న దగ్గరే మనలో మనకు పేచీ వచ్చింది. సంగీతం తెలిసినవారు కష్టమైన పాటలు కావాలన్నారు, తక్కినవారు అందరికీ తెలిసినవి కావాలన్నారు. అప్పుడు మనలో ఒకరు మైసూరు సంగతి గుర్తుచేశారు. గుంటూరు జిల్లా పల్లపట్లలో పుట్టిన జానకి గారు 2017 అక్టోబరు 28న తమ వీడ్కోలు కచేరీని జరుపుకున్నది తెలుగు నేల మీద కాదు, మైసూరు విశ్వవిద్యాలయ ప్రాంగణమైన మానసగంగోత్రిలో. వీడ్కోలు కచేరీ గాయని పుట్టిన ఊరికో, ఆమె ప్రతిభను తూకం వేసే పండితులకో చెందదనీ, ఆమె పాటను తమదిగా చేసుకున్న శ్రోతలకు చెందుతుందనీ ఆ మిత్రుడు చేసిన వాదన నాకు బలంగా తోచింది. వెంటనే మా కీబోర్డు కళాకారుడి దగ్గర పాత రిజిస్టర్లలో దాచి ఉన్న చీటీలను బయటికి తీయించాము. ఆర్కెస్ట్రా జరుగుతుండగా జనంలోంచి ఫలానా పాట పాడమని వేదిక మీదికి వచ్చే చీటీలు అవి. వాటిని వరసపెట్టి చదివి, ఏ పాటను ఈ ఊరు మళ్లీ మళ్లీ అడిగిందో లెక్కగట్టి పట్టిక రాసి ఇచ్చిన దంపతులకు నా మొదటి నమస్కారం. ‘సిరిమల్లె పువ్వా’ అన్నింటికన్నా పైన నిలుస్తుందని అందరమూ ఊహించాము, నిలిచింది కూడా. ‘గోవుల్లు తెల్లన’ అంత పైకి వస్తుందని మాత్రం ఎవరమూ అనుకోలేదు. సినిమాలో జానకి గారు పసిగొంతుతో పాడిన ఆ పాటను, మనవలున్న వయసులో అమ్మగారు అదే పసితనంతో పాడినప్పుడు సభలో లేచిన నవ్వులూ చప్పట్లూ ఆ పట్టిక పుణ్యమే.

‘నీలీల పాడెద దేవా’ విషయంలో జరిగిన చర్చను ప్రత్యేకంగా చెప్పాలి. 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడుతూ జానకి గారు పాడిన ఆ పాట లేకుండా వీడ్కోలు ఎలా అని కొందరు, ఈ వయసులో సరిగమలతో సాగే ఆ స్వరకల్పనల భారం గొంతు మీద వేయడం న్యాయమా అని మరికొందరు వాదించారు. రెండు పక్షాలూ చెప్పింది నిజమే. సంగీతం మాస్టారు సూచించిన మార్గం మాత్రం ఇద్దరినీ ఒప్పించింది. పాటను ముగింపులో కాక, గొంతు తాజాగా ఉండే తొలి అరగంటలోనే పెట్టాలనీ, శ్రుతిని అమ్మగారి ప్రస్తుత స్థాయికి దించాలనీ, స్వరకల్పనలను కుదించి ఆభేరి రాగచ్ఛాయ చెడకుండా చూడాలనీ ఆయన చెప్పారు. అయితే శ్రుతి దించగానే కొత్త సమస్య ఎదురైంది. కీబోర్డుకు అది ఒక మీట నొక్కినంత పని, నాదస్వరం అలా కాదు. వాద్యం నిడివిని బట్టే దాని శ్రుతి ఉంటుంది. తగిన శ్రుతి ఉన్న వాద్యంతో వచ్చి వాయించగల విద్వాంసుణ్ణి వెతికి, ఆయనను ఒప్పించి, రిహార్సలు నాడు స్వయంగా వెంటబెట్టుకుని వచ్చిన మిత్రుడికి మా బృందమంతా రుణపడి ఉంది. కీబోర్డులో నాదస్వరం ధ్వనితో సరిపెడదామని మాలో కొందరు సిద్ధపడ్డారు. అసలు వాద్యం మొదటి పలుకు వినగానే ఆ మాట ఎత్తినవారే ముందుగా చప్పట్లు కొట్టారు.

ఇక ముగింపు పాటగా ‘వెన్నెల్లో గోదారి అందం’ పెట్టమని సూచించినది మనలో అందరికన్నా చిన్నది, కాలేజీలో చదువుతున్న అమ్మాయి. 1984 నాటి ‘సితార’లోని ఆ పాట జానకి గారికి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. అయితే ఆ అమ్మాయి సూచనకు కారణం పురస్కారం కాదు. ఆ పాటలో గొంతు పెంచి మెప్పించాల్సిన చోట్లు తక్కువ, మనసు పెట్టి పాడితే చాలునని ఆమె చెప్పింది. నేను దీనికి మరొక్క మాట కూడా జోడించనవసరం లేదు.

ఇప్పుడు నాటిక గురించి. అమ్మగారికి పాటల మధ్య విశ్రాంతి కావాలి, ఆ వ్యవధిలో జనం లేచిపోకూడదు. ఒకప్పుడు ఈ పనిని మిమిక్రీ కళాకారులు చేసేవారు. వరంగల్లుకు చెందిన నేరెళ్ళ వేణుమాధవ్ గారు ధ్వన్యనుకరణను విడిగా ఒక కళగా నిలబెట్టిన తర్వాత, తెలుగునాట ఆర్కెస్ట్రా అంటే ఒక మిమిక్రీ అంశం ఉండితీరాలన్నంత అలవాటు ఏర్పడింది. నాకూ ఆ కళలో కొద్దిపాటి ప్రవేశం ఉంది. అయితే నటుల గొంతులను అనుకరించడం కన్నా, కొత్త సినిమా మొదటి ఆటకు టికెట్ల క్యూలో నిలబడ్డ నలుగురు నాలుగు ప్రాంతాల యాసల్లో మాట్లాడుకునే చిన్న నాటిక వేయాలన్నది నా కోరిక. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించారని గుర్తుచేసి, మండలానికొక్కరు చొప్పున పాత్రలు ఉంటే చక్కగా అమరుతుందని చెప్పిన భాషాశాస్త్ర విద్యార్థి వల్లే నాటికకు ఆకారం వచ్చింది.

యాసలను హాస్యానికి వాడటం మన సినిమాల్లో ఎంత పాతదో, ఎంత చిక్కైనదో మీకు తెలియంది కాదు. కథానాయకుడు కోస్తా జిల్లాల చదువుకున్నవారి భాష మాట్లాడటం, విలనో వంటవాడో తెలంగాణ యాస మాట్లాడటం, పనిమనిషి ఉత్తరాంధ్ర యాస మాట్లాడటం దశాబ్దాల పాటు ఆనవాయితీగా నడిచింది. రాయలసీమ వంతుకు 1990ల చివర ఫ్యాక్షన్ సినిమాలు వచ్చి పడ్డాయి. ఈ ముచ్చటలో కోట శ్రీనివాసరావు గారి ప్రస్తావన వచ్చినప్పుడు మన చర్చ వేడెక్కింది. కృష్ణా జిల్లాలో పుట్టిన ఆయన 1985లో ‘ప్రతిఘటన’లో తెలంగాణ యాసతో చేసిన పాత్ర గొప్ప నటన అని అందరూ ఒప్పుకున్నారు. ఆ విజయం తర్వాత ఆ యాసను దుర్మార్గుడికో విదూషకుడికో అంటగట్టడం మరింత తేలికైపోయిందని కరీంనగర్ పెద్దాయన అన్నప్పుడు కూడా ఎవరూ కాదనలేదు. నా ఉద్దేశంలో తప్పు నటుడిది కాదు, అదే అచ్చులో పాత్రలు పోసుకుంటూ పోయిన రచయితలది. 2017లో ‘ఫిదా’ నాయిక, 2021లో ‘పుష్ప’ నాయకుడు, 2023లో ‘బలగం’లో ఇంటిల్లిపాదీ తమ తమ యాసల్లోనే మాట్లాడినా ప్రేక్షకులు ఆదరించారు కాబట్టి, ఇప్పుడు పాత అచ్చును పట్టుకుని వేలాడటానికి సాకు లేదు.

ఆ పెద్దాయన ఇచ్చిన సలహాలే నాటికకు ప్రాణం పోశాయి. ప్రతి వాక్యంలోనూ ‘గిట్ల’, ‘గట్ల’ అని చల్లినంత మాత్రాన తెలంగాణ మాట రాదనీ, క్రియల మీదా, మాట విరుపు మీదా దృష్టి పెట్టమనీ చెప్పి, నా సంభాషణలన్నీ తన గొంతుతో చదివి ఫోనులో రికార్డు చేసి పంపారు. అంతకన్నా ముఖ్యంగా, క్యూలో అందరికన్నా తెలివైన మాట ఆ పాత్రదే కావాలని పట్టుబట్టారు. గోదావరి జిల్లా పెద్దమనిషి క్యూలో నిలబడ్డంతసేపూ ‘అసలు కథంతా ఇంటర్వెల్ తర్వాతేనండీ బాబూ’ అంటూ సినిమా మొత్తం చెప్పేస్తాడు. తీరా కౌంటరు దగ్గరికి చేరాక ఒక్కటే టికెట్ మిగులుతుంది. అప్పుడు తెలంగాణ యువకుడు, ‘టికెట్ మీరే తీస్కోండ్రి సార్, కథంత క్యూలనే చెప్పిండ్రు, ఇగ నాకు సినిమాతోని పనేముంది?’ అని వెళ్లిపోతాడు. సభలో అన్నిటికన్నా పెద్ద నవ్వు ఆ మాటకే వచ్చింది. ఆ మాట సగం పెద్దాయన రాసిందే.

శ్రీకాకుళం ఉపాధ్యాయురాలు చేసిన సాయం మరో రకమైనది. ఉత్తరాంధ్ర పాత్రను పనిమనిషిగా కాక, క్యూ తప్పినవారిని మందలించే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌గా మార్చమని ఆవిడ కోరారు. ‘లైను తప్పీసి ఎటెల్తన్నావు బాబూ?’ అన్న ప్రశ్నలో గదమాయింపు ఎంత, ఆప్యాయత ఎంత ఉండాలో మా నటికి ఓపికగా నేర్పారు. సాగదీత ప్రతి మాటలోనూ పెడితే అది వెక్కిరింపు అవుతుందని ఆవిడ చెప్పిన మాట, ఆ తర్వాత మిగతా పాత్రలకు కూడా మాకు కొలబద్ద అయింది. చిత్తూరు మిత్రుడైతే తన వంతు రాగానే, మా సీమవాళ్ల చేతికి కత్తి ఇస్తే ఊరుకోనని నవ్వుతూనే హెచ్చరించారు. ఫలితంగా మా నాటికలో సీమ పాత్ర అందరికన్నా మెత్తని మనిషి. ఎవరో తోపులాట మొదలుపెట్టగానే అందరి చూపులూ అతని మీద పడితే, ‘పొద్దున్నించీ ఈడనే ఉండాను సామీ, ఎవురినీ తొయ్యలేదు’ అని బిక్కమొహం వేస్తాడు. ఫ్యాక్షన్ సినిమాలు చూసిన తరానికి ఆ హాస్యం విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

నెల్లూరు అన్నగారి అలకను కూడా ఇక్కడే ప్రస్తావించాలి. నలుగురిలో నెల్లూరుకు చోటు లేదా, రమణారెడ్డి గారు పుట్టిన జిల్లాను మరిచి హాస్య నాటిక వేస్తారా అని ఆయన నిలదీశారు. సన్నని శరీరంతో, నెల్లూరు మాటతీరును తెర మీద కూడా వదులుకోకుండా ఒక తరాన్ని నవ్వించిన నటుడి పేరు ఎత్తాక మాకు మరో దారి లేకపోయింది. అందుకే కౌంటరు కిటికీ వెనక, మనిషి కనిపించకుండా కేవలం గొంతు మాత్రమే వినిపించే టికెట్ల గుమాస్తా పాత్రను కల్పించి, అన్ననే వేయమన్నాము. అలకకు ఇంతకన్నా మంచి ఫలం దక్కడం నేను చూడలేదు.

అందరి సలహాలూ పాటించలేకపోయాను. ఇప్పటి అగ్రహీరోల డైలాగులు కొన్ని నాటికలో చేర్చమని అడిగిన కుర్రమిత్రులు నన్ను మన్నించాలి. ఒక హీరో పేరు వినిపిస్తే ఈలలు, మరొకరి పేరు వినిపిస్తే కేకలు మొదలై, అమ్మగారి సాయంత్రం కాస్తా అభిమాన సంఘాల పోటీగా మారుతుందని భయపడ్డాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

హాలు అద్దెలోనూ, సౌండు ఖర్చులోనూ భాగం పంచుకున్నవారికీ, పాటల సాహిత్యాన్ని పెద్ద అక్షరాలతో ముద్రించి తెచ్చినవారికీ, వృద్ధులైన శ్రోతలను ఇళ్ల నుంచి తీసుకొచ్చి మళ్లీ దిగబెట్టినవారికీ పేరుపేరునా ధన్యవాదాలు. అమ్మగారు మీ అందరికీ తన ఆశీస్సులు చెప్పమన్నారు. నాటిక రాత తనకు కావాలని అడిగి తీసుకుని, గుమాస్తా మాటలు చదువుకుంటూ ఇప్పటికీ నవ్వుకుంటున్నారు.

రిహార్సళ్ల కోసం మీరు అరువిచ్చిన పాత క్యాసెట్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వచ్చే వారం నుంచి వాటిని ఒక్కొక్కరికీ తిరిగి అందజేస్తాను. కచేరీ రికార్డింగులో నాదస్వరం ఉన్న భాగానికి శబ్దం కొంత సరిచేయాల్సి ఉంది. ఆ పని పూర్తికాగానే అడిగినవారందరికీ ప్రతులు పంపుతాను. నాటికను తమ ఊళ్లో వేసుకోవాలనుకునే మిత్రులు నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. కాకపోతే తెలంగాణ, ఉత్తరాంధ్ర సంభాషణలను మాత్రం పెద్దాయన, ఉపాధ్యాయురాలు రికార్డు చేసిన గొంతులతో సహా అడిగి తీసుకోండి, కాగితం మీద ఉన్నది సగమే.