దేవరకొండ ప్లేస్కూల్ ప్రిన్సిపాల్ మేడమ్‌కు కృతజ్ఞతలు

మేడమ్, మీకు ఇష్టం ఉండదని పేరు రాయడం లేదు. ఎల్‌కేజీలో చేరినప్పుడు మా బాబు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మీరు రోజూ గేటు దగ్గర వాడి ఎత్తుకు వంగి, మన ఇంటి తెలుగులోనే పలకరించేవారు.

రాత హోంవర్క్ కావాలని కొందరు తల్లిదండ్రులు పట్టుబడితే, అడ్మిషన్లు తగ్గుతాయన్న టెన్షన్ ఉన్నా మీరు ఒప్పుకోలేదు. 3 నుంచి 8 ఏళ్ల దాకా ఆటపాటలతో నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోందని ఓపిగ్గా వివరించారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు చూశాను: టీచర్ల మీటింగులో ఆయమ్మకూ కుర్చీ వేయించి, "అక్కా, ఎవరు సరిగ్గా తింటలేరు?" అని ముందు ఆమెనే అడిగారు. మీ బడిలో ఎవరూ పిల్లల మీద గొంతు పెంచకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

వాడిప్పుడు ఇల్లంతా బతుకమ్మ పాటలు పాడుతున్నాడు. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.